అక్కతో ముచ్చట: తెర మీద ప్రేమ, మన కాలేజీల్లో ప్రేమ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏదో ఒక సినిమా మాట ఉంది. "సినిమాలో అట్లా అవుతుంది కదా అక్కా, నాకెందుకు కావట్లేదు" అన్నదే రకరకాలుగా అడిగారు. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నా కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కానీ ఈసారి మొదటి ఉత్తరం చదివాక రెండు రోజులు మనసు కుదుటపడలేదు. అందుకే మిగతా విషయాలన్నీ వచ్చే నెలకు పెట్టి, వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది పరకాల. నయీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నా. ట్యూషన్‌లో ఒక అమ్మాయిని ఫస్టియర్ నుంచి ప్రేమిస్తున్నా. దసరా సెలవుల తర్వాత ధైర్యం చేసి చెప్పాను. "నాకు అలాంటి ఉద్దేశం లేదు, ఇంకోసారి అడగొద్దు" అంది. మా రూంలో దోస్తులు మాత్రం "అమ్మాయిలు మొదట అట్లనే అంటారు, వెంటపడితే ఒప్పుకుంటారు, ఏ సినిమాలో అయినా చూడు" అంటున్నారు. రోజూ ఆమె బస్సు ఎక్కే చోటుకి వెళ్తున్నా, ఏమీ మాట్లాడను, ఊరికే నిలబడతా. నా ప్రేమ నిజమైందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

జవాబు: తమ్మీ, ముందు ఒక్క పని చెయ్యి. రేపటి నుంచి ఆ బస్టాప్‌కి వెళ్లకు. మిగతా మాటలన్నీ దాని తర్వాతే.

"ఊరికే నిలబడతా" అని రాశావు. నీ లోపల ఏముందో నీకు తెలుసు కాబట్టి నీకు అది ఊరికే నిలబడడం. ఆమెకు నీ లోపల ఉన్నది కనిపించదు కదా. వద్దని చెప్పిన తర్వాత కూడా రోజూ పొద్దుగూకాక ఒక అబ్బాయి తను ఎక్కే చోటుకి వచ్చి తనవైపే చూస్తున్నాడు, ఆమెకు కనిపించేది అంతే. ఈ సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆ పిల్ల ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో, ఎందుకంటే చెబితే మొదట ఆగేది నువ్వు రావడం కాదు, ఆమె ట్యూషన్‌కి రావడం. మా దగ్గర బైపీసీ చదివిన ఒకమ్మాయికి అదే జరిగింది. ఎవడో వెంటపడుతున్నాడని తెలిసి వాళ్ల బాపు వచ్చి టీసీ తీసుకుపోయాడు. తప్పు ఆమెది కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు, మేమెంత చెప్పినా వినలేదు. ఆఫీసు బయట గోడకు ఆనుకుని, తల ఎత్తకుండా ఆ పిల్ల నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఇక సినిమా సంగతి. సినిమాలో హీరోయిన్ వద్దంటుంది, ఆ తర్వాత ఒప్పుకుంటుంది, నిజమే. కానీ ఆ "వద్దు" రాసిన రచయితే ఇరవై పేజీల తర్వాత "సరే" కూడా రాసి పెట్టుకున్నాడు. ఆమె ఒప్పుకుంటుందని డైరెక్టర్‌కి తెలుసు, హీరోకి తెలుసు, టికెట్ కొన్న మనకూ తెలుసు. మన తెలుగు సినిమాల్లో చాలాసార్లు హీరోయిన్‌కి గొంతు కూడా ఇంకొకరిది, డబ్బింగ్ చెప్పే అమ్మాయిది. మాట ఒకరు రాశారు, ఇంకొకరు పలికారు, పెదాలు కదిపింది మూడో మనిషి. అలాంటి "వద్దు"ని పట్టుకుని నీ దోస్తులు నీకు లెక్క చెబుతున్నారు. మీ ట్యూషన్ అమ్మాయి తన మాట తనే ఆలోచించుకుని, తన గొంతుతో, నీ ఎదురుగా నిలబడి చెప్పింది. ఇంకోసారి అడగొద్దని కూడా చెప్పింది. ఒక పదిహేడేళ్ల పిల్ల ఇంతకంటే స్పష్టంగా ఎట్లా చెప్పాలి?

ఒక సంగతి నీకు తెలియకపోవచ్చు, నువ్వు అప్పటికి పుట్టావో లేదో. 2008 డిసెంబర్‌లో మన వరంగల్‌లోనే, కాలేజీ నుంచి ఇంటికి వెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. వాళ్లలో ఒకమ్మాయి ప్రేమను కాదన్నందుకు. ఆ అమ్మాయి బతకలేదు. నిన్ను ఆ పని చేసినవాళ్లతో పోల్చడం లేదు, నీ ఉత్తరం చదివితే నువ్వు మంచి పిల్లవాడివని తెలుస్తూనే ఉంది. కానీ ఇక్కడి అమ్మలు ఆ సంగతి మర్చిపోలేదు, కూతుళ్లకు చెప్పకుండా ఉండలేదు. వద్దని చెప్పిన తర్వాత కూడా ఒకడు మాట్లాడకుండా నిలబడి చూస్తుంటే ఆ పిల్ల గుండెలో ఏం మెదులుతుందో ఆలోచించు. నువ్వు ఎంత మంచివాడివో ఆ బస్టాప్‌లో ఆమెకు తెలిసే దారి లేదు.

చట్టం కూడా తెలుసుకో. ఒక అమ్మాయి తనకు ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక పదేపదే వెంటపడడం, మాట్లాడించాలని చూడడం, ఆన్‌లైన్‌లో ఏం చేస్తుందో కాపు కాయడం 2013 నుంచి మన దేశంలో నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పద్దెనిమిది నిండని వాళ్ల కేసు జువెనైల్ బోర్డుకు వెళ్తుంది, కానీ పోలీసులు ఇంటికి వస్తారు, అమ్మానాన్నలను పిలిపిస్తారు. నిన్ను భయపెట్టాలని కాదు ఇది. మీ రూంలో ఎవరూ నీకు చెప్పలేదు కాబట్టి చెబుతున్నా.

ఇక నీ బాధ. అది నిజమైనదే తమ్మీ, దాన్ని "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని కొట్టిపారేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఆమె కాదన్నంత మాత్రాన నీ ప్రేమ అబద్ధం అయిపోదు. ఆమెకు రుజువు చూపించాల్సిన అవసరమే లేదు. ట్యూషన్‌లో వేరే బ్యాచ్ దొరికితే మారు, దొరకకపోతే ముందు వరసలో కూర్చో, ఆమె వెనకాల ఉంటుంది కాబట్టి కళ్లు అటు పోవు. కొన్నాళ్లు అన్నం సహించదు, లెక్కల పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించవు. ఆదివారం ఊరికి వెళ్లి మీ అవ్వ దగ్గర కూర్చో. ఎవరో ఒక పెద్దమనిషికి, మీ అన్నకో, నచ్చిన సారుకో విషయం చెప్పు. రాత్రిళ్లు మరీ భరించలేనట్టు అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మీ రూం దోస్తులు మళ్లీ సినిమా కథ మొదలుపెడితే "ఆమె వద్దంది, అయిపోయింది" అని ఒక్క మాట అను. నాలుగోసారికి వాళ్లే ఆపేస్తారు.

ప్రశ్న: అక్కా, నాది మహబూబాబాద్. ఈ ఏడాదే వరంగల్‌లో బీటెక్‌లో చేరాను. 'హ్యాపీ డేస్' ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కాలేజీ అంటే ఒక గ్యాంగ్, క్యాంటీన్, ట్రిప్పులు అనుకున్నా. మూడు నెలలైంది, అందరితో హాయ్, బాయ్ తప్ప గట్టి ఫ్రెండ్ ఒక్కరూ లేరు. ఇన్‌స్టా తెరిస్తే అందరూ లక్నవరంలో ఫోటోలు. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: నీలో ఏ లోపమూ లేదు చెల్లే, నీ లెక్కలో ఉంది, అది సరిచేసుకుంటే చాలు. శేఖర్ కమ్ముల ఆ సినిమా తీసింది 2007లో. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌ని సుమారు రెండున్నర గంటల్లో చూపించాడు. రెండున్నర గంటలంటే తొమ్మిది వేల సెకన్లు, నాలుగేళ్లంటే పద్నాలుగు వందల అరవై రోజులు. భాగిస్తే రోజుకు ఆరు సెకన్లు వస్తుంది. నీ మూడు నెలలు ఆ సినిమాలో తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాలకు ఏ సినిమాలోనూ గ్యాంగ్ తయారు కాదు, పేర్లు కూడా పూర్తిగా పడవు. మెస్‌లో ఒంటరిగా తిన్న భోజనాలు, లైబ్రరీలో పక్కన ఎవరూ లేని మధ్యాహ్నాలు, ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ చూసుకున్న నిమిషాలు, ఇవన్నీ ఆ పాత్రలకూ ఉండే ఉంటాయి, ఎడిటింగ్‌లో పోయాయి అంతే.

అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో దీని మీదే ఒక పరిశోధన ప్రచురించాడు. ముఖపరిచయం ఉన్న మనిషి మామూలు ఫ్రెండ్ కావడానికి దాదాపు యాభై గంటలు, ఫ్రెండ్ అనదగ్గవాళ్లు కావడానికి తొంభై, ప్రాణస్నేహం కావాలంటే రెండు వందల గంటలకు పైనే కలిసి గడపాలని ఆయన లెక్క తేలింది. అది కూడా క్లాసులో పక్కపక్కన కూర్చున్న గంటలు అంతగా పనికిరావు, కలిసి తిన్నవి, తిరిగినవి, కబుర్లు చెప్పుకున్నవి. రోజుకొక గంట చొప్పున వారానికి ఆరు రోజులు కలిసినా రెండు వందల గంటలకు ఎనిమిది నెలలు పడుతుంది. నువ్వు మూడో నెలలోనే తీర్పు చెప్పేసుకున్నావు.

నా సంగతి చెబుతా. 1997లో నేను జమ్మికుంట నుంచి కాజీపేటకు పాసింజర్ రైల్లో వచ్చి చదువుకునేదాన్ని. ఉప్పల్‌లో, హైదరాబాద్ ఉప్పల్ కాదు, మన లైన్‌లో ఉన్న ఉప్పల్, అక్కడ ఒకమ్మాయి ఎక్కేది. రెండు నెలల పాటు మా మధ్య నడిచిన మాట "కొంచెం జరుగు" ఒక్కటే. తర్వాత నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు కాలేజీకి పోలేదు. తిరిగి వెళ్లేసరికి ఆ అమ్మాయి నా బాటనీ రికార్డులో బొమ్మలన్నీ వేసి పెట్టింది, ఎవరూ అడగలేదు, నా రికార్డు ల్యాబ్‌లో ఉంటే తనే తీసుకుని వేసింది. వేరు, కాండం, ఆకు అడ్డుకోతలు, పెన్సిల్‌తో, కింద పేర్లు రాసి మరీ. దీన్ని ఎవరైనా సినిమాలో పెడితే ఎవరు చూస్తారు? చూడరు. కానీ మా అమ్మ పోయిన రోజు అందరికంటే ముందు మా ఇంటికి వచ్చింది ఆమే, ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేయకపోతే ఇద్దరికీ తోచదు.

కాబట్టి గ్యాంగ్ కోసం వెతకకు. ఒక్కరిని చూసుకో. హాస్టల్‌లో నీలాగే శనివారం రూంలో మిగిలిపోయే పిల్ల ఒకరైనా ఉంటుంది. "భద్రకాళి బండ్ దాకా నడిచొద్దామా" అని అడుగు, రాకపోతే వచ్చే వారం ఇంకోసారి అడుగు. (స్నేహానికి రెండోసారి పిలవడం తప్పు కాదు, ఆమె బిజీగా ఉండొచ్చు. మూడోసారి కూడా తప్పించుకుంటే ఇంకొకరిని పిలువు.) లక్నవరం ఫోటోల సంగతి అంటావా, ఆ వేలాడే వంతెన మీద నవ్వుతూ దిగిన ఫోటోకు ముందు బస్సు ఖర్చు ఎవరు పెట్టాలని ఎంత గొడవైందో ఫోటోలో పడదు.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు, హన్మకొండ. మేమిద్దరం ప్రేమించుకుంటున్నాం. ఈ మధ్య "నిజమైన ప్రేమ అయితే నమ్మకం ఉండాలి, పాస్‌వర్డ్ ఇవ్వు, ఒక ఫోటో పంపు" అంటున్నాడు, ఎట్లాంటి ఫోటోనో మీకు అర్థమవుతుంది. పంపకపోతే బ్రేకప్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పంపొద్దు బిడ్డా. పాస్‌వర్డ్ కూడా ఇవ్వొద్దు. బ్రేకప్ అంటే కానివ్వు. పద్దెనిమిది నిండని అమ్మాయిని అలాంటి ఫోటో అడగడం, దగ్గర పెట్టుకోవడం, ఇంకొకరికి పంపడం పోక్సో, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం కిందికి, ఐటీ చట్టం కిందికి వచ్చే విషయం, అతనికి తెలియకపోతే తెలియజెప్పు. ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే, లేదా బెదిరింపు మొదలైతే, చాట్ డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. 1930 సైబర్ క్రైమ్ నంబర్, 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఆడపిల్లల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మన కమిషనరేట్‌లోనూ ఉన్నాయి. వీటన్నిటికంటే ముందు అమ్మకు చెప్పు. తిడుతుందని భయం ఉంటుంది, ఒకవేళ తిట్టినా తర్వాత నీ పక్కనే ఉంటుంది. అమ్మకు చెప్పలేకపోతే నాకు మళ్లీ రాయి, ఈసారి జవాబు పత్రికలో వేయను.

ప్రశ్న: మేడమ్, మాది కాజీపేట, డిగ్రీ ఫస్టియర్. ఆరో తరగతి నుంచి నాకొక దోస్తు. వాడికి లవర్ వచ్చినప్పటి నుంచి నేను వాడి పనివాడిని అయిపోయా. అటెండెన్స్ నేను చూసుకోవాలి, వాళ్లమ్మ ఫోన్ చేస్తే "మా ఇంట్లోనే ఉన్నాడు ఆంటీ" అని నేను చెప్పాలి, పెట్రోల్‌కు డబ్బులు నేనివ్వాలి. నెల కింద మా నాన్నకు ఆపరేషన్ అయింది. వాడు ఒక్కసారి రాలేదు. ఏమైనా అంటే "దోస్తానా అంటే ఇదేనా రా" అంటున్నాడు.

జవాబు: ముందు నాన్నగారు ఎట్లా ఉన్నారు? ఆ మాట నీ దోస్తు అడగాల్సింది, నేను అడుగుతున్నా.

సినిమాలో హీరో ఫ్రెండ్‌ని ఎప్పుడైనా జాగ్రత్తగా చూశావా? అతనికి ఇల్లు ఉండదు, పరీక్షలు ఉండవు, నాన్నకు ఆపరేషన్ కాదు. హీరో పిలవగానే బైక్ మీద వస్తాడు, హీరో కోసం దెబ్బలు తింటాడు, నాలుగు జోకులు వేస్తాడు, క్లైమాక్స్‌లో ఇద్దరినీ స్టేషన్‌లో దింపి వెళ్లిపోతాడు. ఎక్కడికి వెళ్లాడో సినిమా చూపించదు. నీ దోస్తు నిన్ను ఆ పాత్రలో పెట్టుకున్నాడు. కావాలని చేసి ఉండడు, కొత్తగా ప్రేమలో పడ్డ మనిషికి కొన్నాళ్లు పక్కనున్నవాళ్లు కనిపించరు, ఆ మాత్రం మనమూ ఓపిక పట్టాలి. కానీ నెల రోజులు చాలా ఎక్కువ తమ్మీ.

వాళ్లమ్మకు అబద్ధం చెప్పడం మాత్రం వెంటనే ఆపెయ్. ఏ రాత్రో దారిలో బండి జారిపడితే ఆ తల్లి మొదట వచ్చేది మీ ఇంటికే, "నీ దగ్గరే ఉన్నాడన్నావు కదా బిడ్డా" అని నిన్నే అడుగుతుంది. ఈ మాట వాడికి ముందే చెప్పి మరీ ఆపు. తర్వాత ఒకరోజు వాడిని ఒంటరిగా పిలిచి, వాడి లవర్ మీద ఒక్క మాట కూడా అనకుండా, "మా నాన్న హాస్పిటల్‌లో ఉన్న వారం రోజులు నువ్వు వస్తావని చూశా" అని చెప్పు. అంతే చెప్పు, లెక్కలు తీయకు, పెట్రోల్ డబ్బుల మాట ఎత్తకు. ఆరో తరగతి నుంచి ఉన్న దోస్తు అయితే ఆ ఒక్క మాటకే తల దించుకుంటాడు. దించుకోకపోతే నీకు చాలా నొప్పి కలుగుతుంది, ప్రేమ పోతే ఏడ్వడానికి పాటలు ఉన్నాయి కానీ దోస్తు పోతే ఏడ్చినవాడిని ఎవరూ పట్టించుకోరు. ఆ నొప్పిని నేను చిన్నది అనను.

ప్రశ్న: ఓటీటీలో అమెరికా టీన్ సినిమాలు చూస్తుంటా అక్కా. వాళ్ల స్కూళ్లు, వాళ్ల స్వేచ్ఛ, వాళ్ల స్నేహాలు చూస్తే మన బతుకు ఇదేంటి అనిపిస్తుంది. అక్కడ నిజంగా అట్లాగే ఉంటుందా? (డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: అక్కడి వాళ్లే అడిగిన ప్రశ్న ఇది. 1985లో జాన్ హ్యూస్ తీసిన 'ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' అనే సినిమా ఉంది, తర్వాత వచ్చిన ఎన్నో టీన్ సినిమాలకు అది దారి చూపించింది. ఒకరితో ఒకరికి పడని ఐదుగురు పిల్లలు ఒక శనివారం శిక్షగా స్కూల్లో ఉండాల్సి వచ్చి, సాయంత్రానికి మనసు విప్పి మాట్లాడుకుంటారు. అందులో ఒక అబ్బాయి సినిమా అంతా ఒక అమ్మాయిని మాటలతో పొడుస్తూనే ఉంటాడు, చివరికి ఆమె అతనికి దగ్గరవుతుంది. ఆ అమ్మాయిగా నటించిన మోలీ రింగ్‌వాల్డ్ 2018లో 'న్యూయార్కర్' పత్రికలో ఒక వ్యాసం రాసింది. తన కూతురితో కలిసి ఆ సినిమా మళ్లీ చూసినప్పుడు ఆ సీన్లు తనను ఇబ్బంది పెట్టాయని, అప్పట్లో మామూలుగా అనిపించినవి ఇప్పుడు అట్లా అనిపించడం లేదని దాచకుండా రాసింది. తనకు పేరు తెచ్చిన సినిమా మీదే అట్లా రాయడం నాకు చాలా నచ్చింది.

ఇంకో సంగతి. షూటింగ్ నాటికి ఆమెకు 16, ఆ అబ్బాయిగా వేసిన జడ్ నెల్సన్‌కు 24. అక్కడా ఇక్కడా టీనేజర్ల పాత్రల్లో మనం చూసేది చాలావరకు ఇరవై దాటినవాళ్లను, మేకప్‌తో, లైట్లతో. వాళ్ల ముఖం చూసి నీ మొటిమలు లెక్కపెట్టుకోకు. ఆ సినిమాలోనే ఒక పిల్లవాడు "సోమవారం స్కూల్లో కనబడితే మనం ఇంకా ఫ్రెండ్సేనా" అని అడుగుతాడు. నిజాయితీగా అడిగిన ప్రశ్న అది. సోమవారం రాకముందే సినిమా అయిపోతుంది.

ప్రశ్న: అమ్మా, మాది నర్సంపేట. మా బాబు పదో తరగతి. ఎప్పుడు చూసినా ప్రేమ సినిమాలే, పాటలే, జుట్టు కూడా హీరోలాగా. సినిమాలు బంద్ పెట్టాలా?

జవాబు: బంద్ పెడితే ఫ్రెండ్ ఫోన్‌లో చూస్తాడు, మీకు తెలియకుండా పోతుంది. 2024 నుంచి సెన్సార్ సర్టిఫికెట్‌లో యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని వయసు వేస్తున్నారు, అది చూసి మొదలుపెట్టండి. వీలైతే వాడి పక్కన కూర్చుని చూడండి. హీరో అమ్మాయి వెంటపడే సీన్ వచ్చినప్పుడు "ఆ పిల్ల స్థానంలో మన అక్క ఉంటే ఎట్లుండు రా" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి, ఉపన్యాసం వద్దు, వాడే ఆలోచిస్తాడు. జుట్టు సంగతి వదిలేయండి. ఎప్పుడో ఒకరోజు మీరు వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి, "అమ్మా, మా క్లాసులో ఒక పిల్ల..." అని మొదలుపెడతాడు. అప్పుడు స్టవ్ ఆపేసి కూర్చోండి. వాళ్ల నాన్నకు ఆ రోజే చెప్పకండి.